అత్త చేతిలో బిడ్డ

డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఏర్పేడు దగ్గర ఒక పల్లెలో రెండు మంచాల కాన్పుల ఆస్పత్రి. మొగుడు పోయిన మరుసటేడు ఆడ ఆయాగా చేరినాను. నాకొచ్చిన చదువల్లా సంతకం పెట్టేదే, అందుకే నోటితో చెప్తాండా. సుగుణమ్మ సిస్టరు ఆడ నర్సు. కాన్పులు చేసే ఆ సిస్టరు నర్సులకు పాఠాలు చెప్పే టీచరు ఎందుకయిందని శానామంది నన్నడిగినారు. చెంగమ్మ కాన్పు గురించి చెప్తే సాలు.

చెంగమ్మది తొలి కాన్పు. నొప్పులు జాస్తయినాయని కబురొస్తే పొద్దున్నే ఎద్దులబండిలో వాళ్ళింటికే పోయినాము. మొగబిడ్డ, సులువుగానే పుట్టినాడు. సిస్టరు బొడ్డు కోసి, బిడ్డను గుడ్డలో చుట్టి అత్త మునెమ్మ చేతికిచ్చింది. నేను ముండమోసినదాన్నని మునెమ్మ నన్ను బిడ్డ దగ్గరికి రానీలేదు, నీళ్ళు కాచేదానికే పెట్టింది.

బిడ్డ పుట్టినా మాయ రాలేదు. నెత్తురు ఆగలేదు. కాన్పయినాక ఇట్లా పోతానే ఉంటే పీపీహెచ్ అంటారు. గర్భసంచి గట్టిపడకపోతే అంతే. సిస్టరు సూదేసింది, పొత్తికడుపు మింద చెయ్యి పెట్టి రుద్దతా ఉండాది. చీర తడిసె, చాప తడిసె. చెంగమ్మ మొగం సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపోయింది.

పక్కింటామె బొడ్డుతాడు పట్టుకొని లాగబోయింది.

"చెయ్యి తియ్యి! లాగితే సంచే బయటికొస్తాది," అనింది సిస్టరు. మునెమ్మ దిక్కు తిరిగి, "అమ్మా, బిడ్డను రొమ్ముకు పెట్టు. వాడు సీకితే సంచి గట్టిపడతాది, మాయ దిగతాది."

"ముర్రుపాలా? మా ఇంట్లో మూడు దినాలు పొయ్యేదాకా రొమ్మియ్యరు. ఆవుకే మాయ పడందే దూడను ఇడవం, మనిషి బిడ్డను ఇడస్తామా? వాడికి చక్కెర నీళ్ళు నాకిస్తాలే."

"ఆవు సంగతి రేపు మాట్లాడుకుందాం. బిడ్డనియ్యి."

"నువ్వు కన్నావా సిస్టరమ్మా, ఒక్కరినన్నా?"

సిస్టరుకు పిల్లల్లేరు. ఆ మాట పడి కూడా కడుపు మింద నుంచి చెయ్యి తియ్యలేదు, గొంతు పెంచలేదు.

"కన్లేదు. కన్నోళ్ళు సచ్చిపొయ్యేది సూసినా. వీళ్ళమ్మ ఇప్పుడు పోతే మూడో దినం ఎవురి పాలు పోస్తావు? పేరు చెప్పు."

మునెమ్మ బిడ్డ మింద గుడ్డ సర్దింది.

"పేరు చెప్పమ్మా."

మునెమ్మ కోడలి దిక్కు తిరిగింది. చేతులు మాత్రం బిడ్డను అదుముకొనే ఉండాయి. అప్పుడు చెంగమ్మ, మాటకు ఊపిరి సాలని మనిషి, "ఇయ్యత్తా" అనింది.

సిస్టరు నన్ను పిలిసింది. "నా చేతులు ఈడుండాయి. నువ్వు తీసుకో."

"నేనా?"

"నువ్వే."

మునెమ్మ నా బోసి నుదురు సూసింది, కోడలి మొగం సూసింది. బిడ్డను ఇడిసింది. నేను తీసుకపోయి రొమ్ముకానిచ్చినా. వాడు నాకి, ఇడిసి, మళ్ళా పట్టుకొని గట్టిగా సీకినాడు. కొంచేపటికి సిస్టరు మునెమ్మ చెయ్యి లాగి కోడలి కడుపు మింద పెట్టింది.

"ఓయమ్మా, గుండ్రాయి మాదిరుండాదే!" అనింది మునెమ్మ.

మాయ జారి బేసిన్లో పడింది. సిస్టరు దాన్ని పరిసి, తునక ఏదన్నా లోపల మిగిలిందేమోనని చుట్టూ సూసింది. అంతా ఉండాది. నెత్తురు తగ్గింది. అదే బండిలో తల్లినీ బిడ్డనూ రోడ్డుకు చేర్చి, బస్సెక్కించి తిరుపతి ఆస్పత్రికి తీసుకపోయినాము. దోవ పొడుగునా కోడలి తల మునెమ్మ ఒళ్ళోనే. చెంగమ్మ బతికింది.

తిరిగొచ్చేటప్పుడు సిస్టరు అనింది: "మందు నా సంచిలో ఉండాది, బిడ్డ అత్త చేతిలో ఉండాది. బిడ్డను అడిగి తీసుకునేది నాకు ఎవురూ నేర్పలేదు. బొమ్మతో నేర్పినారు. బొమ్మకు అత్త లేదు కదా."

తర్వాత ఆయమ్మ ఇంకా చదివి తిరుపతిలో నర్సుల స్కూల్లో టీచరయింది. కాన్పులు చేసే చెయ్యి సుద్దముక్క పట్టుకుంటే ఏమొస్తాదని నవ్వినోళ్ళు ఉండారు. ఆయమ్మ పట్టించుకోలేదు. నన్నూ ఆడికే ఆయాగా పిలిపించుకొని, పాఠంలో అత్తను చేసింది.

బొమ్మబిడ్డను అదుముకొని గది నడుమ కూచునేదాన్ని. ఒక్కో పిల్లా వచ్చి బిడ్డనడగాల. కొందరు బతిమాలేది, కొందరు అరిసేది, ఒక పిల్ల ఏడ్చేసింది కూడా. మునెమ్మ అన్న మాటలన్నీ అనేదాన్ని, నావి నాలుగు కలిపి. వెనక బెంచీలో నుంచి సిస్టరు "మళ్ళా అడుగు" అనేది. అడిగే పిల్ల గొంతు వణక్కుండా నిలబడేదాకా నేను బొమ్మనిచ్చేదాన్ని కాదు.