కళావరు ఏడు

నేను మోస్తున్న బరువు అరచేతిలో పట్టేంతదే. ఒక పేకముక్క. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరికీ చూపించలేదు. మా ఆవిడకి కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం సులువనుకున్నాను. తీరా రాయడానికి కూర్చుంటే అదీ సులువుగా లేదు. పొద్దుటి నుంచి రెండు కాగితాలు చింపేశాను.

నా గురించి అవసరమైనంత వరకే చెబుతాను. మాది శ్రీకాకుళం వైపు. జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానాలో ఖలాసీగా చేశాను. క్రేన్ కింద నిలబడి, హుక్కుకి గొలుసులు తగిలించి, పైన గదిలో కూర్చున్న డ్రైవరుకి చేత్తో సైగలు చేయడం నా పని. ఆ రొదలో మాట వినబడదు. వేలు పైకి తిప్పితే ఎత్తాలి, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపాలి. సరుకు చాటున ఏముందో, ఎవరున్నారో పైవాడికి కనబడదు. నా చెయ్యి ఏం చెబితే ఆయనకి అదే నిజం.

ఆ పైవాడే సింహాచలం మావ. చుట్టం కాదు, మా పక్క ఊరి మనిషి. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నన్ను ‘అల్లుడా’ అని పిలిచేవాడు. ఆయన దించితే ఎంత బరువైనా చప్పుడు లేకుండా నేల మీద కూర్చునేది. దించాక పైనుంచి నా వైపు చూసి తలూపేవాడు. ఆ తలూపు కోసం నేను ఎదురుచూసేవాణ్ణని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గు లేదు.

ఆదివారాలు మా అందరికీ ట్వంటీనైన్ అనే పేకాట పిచ్చి. ఇద్దరిద్దరు జతలు, చేతికి ఎనిమిది ముక్కలు. తురుపు పెట్టే హక్కు కోసం ముందు వేలంలోలా పాట పాడాలి. నా ఆటంతా దూకుడే. చేతిలో ఏమీ లేకపోయినా పాట పెంచేవాణ్ణి. వాళ్ళు పాడితే డబుల్ అనేవాణ్ణి. ముక్కని మెల్లగా పెట్టడం నాకు చేతకాదు, చాప అదిరేలా కొట్టాలి. ఎదుటివాడు ఆలోచనలో పడితే ‘వెయ్యి, వెయ్యి’ అని తరమాలి. మంచి ముక్కలొస్తే ఎవడైనా గెలుస్తాడు, అవతలివాడి గాభరాతో గెలవడమే ఆట అని గొప్పలు పోయేవాణ్ణి. అది తప్పని ఇప్పటికీ అనను. ఊపిరి తిప్పుకోనివ్వకుండా ఆడటం ఆటలో భాగమే. ఆటలో భాగం కానిది నేనెప్పుడు చేశాను అన్నదే ప్రశ్న.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, ఎండాకాలం. భాలుబాసా బస్తీలో మావాళ్ళు పోటీ పెట్టారు. గెలిచిన జతకి తలా ఒక స్టీలు కారేజీ. ఫైనల్లో నేనూ మా అక్క మొగుడు అప్పలరాజు బావా ఒక జత. సింహాచలం మావా, తివారీ అనే వెల్డరూ ఇంకో జత. ఆట సమానంగా వచ్చింది. ఆఖరి పంపకం ఎవరిదైతే వాళ్ళదే పోటీ. నేను అలవాటు ప్రకారం లేని బలంతో పాట పెంచి తురుపు నాది చేసుకున్నాను.

మధ్యలో తివారీ కళావరు జాకీ వేశాడు. ఆ ఆటలో జాకీయే అన్నిటికన్నా పెద్ద. నా చేతిలో కళావరు కనబడలేదు. వేసిన రంగు చేతిలో లేకపోతే తురుపుతో కొయ్యొచ్చు. కోశాను. నా తరవాత మావ, ఆయన దగ్గరా కళావరు లేదు, ఒక డైమను పారేశాడు. జాకీ నా పట్టులోకి వచ్చింది. ఆ పట్టుతో పోటీ మా చేతికొచ్చేసింది.

చేతిలో రెండు ముక్కలు మిగిలినప్పుడు చూసుకున్నాను. చెమటకి ఆటీను రాజు వెనక ఒక ముక్క అతుక్కుని ఉంది. కళావరు ఏడు.

రంగు చేతిలో ఉంచుకుని కోస్తే పంపకం పోయినట్టే. దానికి మావాళ్ళు ‘రంగు దాచడం’ అంటారు. దాచానని పేరొస్తే తరవాత ఎవరూ పక్కన కూర్చోనివ్వరు. నేను కావాలని దాచలేదు. ఆ క్షణంలో ముక్క పైకెత్తి ‘పొరపాటైంది’ అంటే అందరూ నవ్వేవాళ్ళు, మేం ఓడిపోయేవాళ్ళం, అంతే. నేను రాజు వేసేసి, ఆఖరి ముక్కకి అందరినీ తరిమాను. వెయ్యి మావా, వెయ్యి. నాలుగు ముక్కలూ ఒకేసారి పడ్డాయి. నాదీ, మావదీ ఒకదాని మీద ఒకటి పడేలా కొట్టాను. వెంటనే పోగు చెయ్యబోయాను. తివారీ నా చెయ్యి పట్టుకున్నాడు.

“చిడీ కా సత్తా? యే కిస్‌కా హై?” అన్నాడు. చిడీ అంటే కళావరు. ఆ ఏడు ఎవరిదని అడుగుతున్నాడు.

నేను తడుముకోలేదు. అవతలివాడు అడిగేలోపే మనం మీద పడాలి, నా పద్ధతే అది కదా.

“మావది. ఇస్పేటు ఎనిమిది నాది. డైమను పారేసి కళావరు దాచినావు మావా.”

మావకి కోపం రాలేదు. ముక్కని చూశాడు, నన్ను చూశాడు.

“నాను ఇస్పేటే ఏసినాననుకుంటన్నాను అల్లుడా. నువ్వు సూసినావేటి?”

“సూసినాను.”

“నాదేనా?”

“నీదే మావా.”

ఆయన తివారీ వైపు తిరిగి, “మేరా హీ హోగా భాయ్. ఈడి సెయ్యి నాకెప్పుడూ తప్పు సెప్పనేదు,” అన్నాడు. ముక్క తనదే అయ్యుంటుందని సగం హిందీలో, మిగతా సగం మన మాటలో. తివారీకి రెండో సగం అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

కారేజీ ఇంటికి తెచ్చాను. మా ఆవిడ దాన్ని చూసి మురిసిపోయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అందులోనే అన్నం తిన్నాను.

ఆ వారం మావ రెండుసార్లు హుక్కుని అవసరమైన దానికన్నా ముందే ఆపాడు. నేను రమ్మని సైగ చేస్తున్నా ఆగి, మళ్ళీ మళ్ళీ చూశాడు. శనివారం డ్యూటీ దిగాక ఫోర్‌మన్ దగ్గరికి తనే వెళ్ళి క్రేన్ మీంచి తీసెయ్యమన్నాడు. బయటికొచ్చి సైకిలు పట్టుకుని నాతో నడుస్తూ ఆ మాట చెప్పాడు.

“నా సేతిలో ముక్కేటో నాకే తెలీనేదు. కింద మీరుంటారు. ఏటైనా అయితే?”

సాక్చి బజారు దాకా పక్కపక్కనే నడిచాం. అంత దారి. ఒక్క మాట చాలు చెప్పడానికి. ఎందుకు చెప్పలేదు? పరువు పోతుందనా? బావ ముందు తల దించుకోవాలనా? అవన్నీ అప్పటికి చిన్నవే. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారానికి ఆయన స్టోరుకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత చెబితే, ముక్క ఒక్కటే కాదు, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. రోజు గడిచినకొద్దీ ఆ రెండోది పెద్దదైంది.

రిటైరయ్యేదాకా ఆయన స్టోరులో గ్లౌజులు, గుడ్డపేలికలు ఇస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టి, మళ్ళీ నన్ను చూడమనేవాడు. ఎప్పుడూ సరిగ్గానే ఉండేవి. పేక మళ్ళీ ముట్టుకోలేదు. ఇంట్లో కూడా ఆయన మాటకి విలువ తగ్గింది. తాళం వేశానంటే ఆయన భార్య వెళ్ళి లాగి చూసేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు ఆయన ఏదో పాత సంగతి చెప్పబోతే కూతురు, “పాపా కో కుచ్ యాద్ నహీ రహతా,” నాన్నకి ఏమీ గుర్తుండదని నవ్వేసింది. ఆయనా నవ్వాడు. ఆయన చెప్పిందే నిజం. ఆ సంగతి నాకూ గుర్తుంది. నేను టీ తాగి వచ్చేశాను.

నిజాయితీగా ఒకటి అడుగుతాను, మిమ్మల్ని కాదు, నన్నే. ఆ ముక్క తివారీది అని అనగలిగేవాణ్ణా? లేదు. వాడు నా చొక్కా పట్టుకునేవాడు. నన్ను నమ్మేవాడి మీదే ఆ దెబ్బ పనిచేస్తుందని నాకు లోపల తెలుసు. అదీ నా దూకుడు. బలమైనవాడి మీద ఆడాననుకుంటూ వచ్చాను.

రిటైరయ్యాక మావ ఊరు వెళ్ళిపోతుంటే టాటానగర్ స్టేషనుకి సామాను మోశాను. బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని జేబులు తడుముకున్నాడు.

“అల్లుడా, టిక్కెట్టు ఎట్టుకున్నానేటి? ఓపాలి సూడు. నా మీద నాకు నమ్మకం నేదు.”

కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన జేబులో చూశాను. ఆయన పెట్టుకున్న చోటే, మడత కూడా నలగకుండా ఉంది. “ఉంది మావా,” అన్నాను. ‘నువ్వే సరిగ్గా పెట్టుకున్నావు, నువ్వెప్పుడూ సరిగ్గానే పెట్టుకుంటావు’ అనడానికి నోరు తెరిచాను. బండి కదిలింది. కదలకపోయినా అనేవాణ్ణి కానేమో. ఆయన తలూపాడు, క్రేన్ మీంచి ఊపినట్టే.

తరవాత ఆయన పోయాడని ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. ఇక క్షమించగలిగినవాడు లేడు. మీరు క్షమించినా నాకు పనికిరాదు, కాబట్టి అడగను. ఆయన చివరిదాకా తన చేతిని తానే నమ్మకుండా బతికాడు, ఆ చేతిలో ఏ తప్పూ లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడు మీకూ తెలిసింది. అందుకే కొంచెం తేలికగా ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

మావ వేసింది ఇస్పేటు ఎనిమిది. కళావరు ఏడు నాది.