ముందు జింకలున్నాయి, ఓవర్

రాసుకో. 2011, సెప్టెంబర్ మొదటి వారం. అమెరికాలో మీ ఊరు చాండ్లర్‌లో దిగాను. ఆర్మీలో ఇరవై రెండేళ్లు నర్సుగా చేసి మేజర్‌గా రిటైరైనదాన్ని. ఏ పోస్టింగ్‌కి వెళ్లినా మొదటిరోజు చూసుకునేవి మూడే. ఎండ ఎంత, నీళ్లెక్కడ, ఆర్డర్లు ఎవరివి. చాండ్లర్‌లో ఎండ నూట నాలుగు, వాళ్ల లెక్కలో. నీళ్లు ఫ్రిజ్‌లో. ఆర్డర్లు మీ అమ్మవి. డ్యూటీ ఆరు నెలలు, నిన్ను చూసుకోవడం. నీకప్పుడు ఏడేళ్లు.

నవ్వకు. నీ స్కూల్ ఎస్సే నిన్న నీ బ్యాగులో చూశాను. మా అమ్మమ్మ ఒకసారి జింకను చూసి భయపడి గొడుగు పారేసింది అని రాశావు. మీ టీచర్ పక్కన నవ్వు బొమ్మ వేసింది. నీ తప్పు లేదు, నీకలా చెప్పినవాళ్లదే తప్పు. అందుకే నాలుగేళ్ల తర్వాత సెలవులకి ఖమ్మం వచ్చినదానివని కూడా చూడకుండా కూర్చోబెట్టాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. అక్షరాలు తర్వాత దిద్దుతాను.

నాలుగో శనివారానికి ఆర్డరు వచ్చింది. ఉత్తరాన కొండల మీద పైన్ చెట్ల అడవి ఉంది, హైకింగ్‌కి వెళ్లాలి. నాలుగు కుటుంబాలు, రెండు వ్యాన్లు. ఇలాంటి ప్రయాణాలన్నీ మీ నాన్న ఆఫీసులో ఒకతను ఏర్పాటు చేసేవాడు. అందరూ అతన్ని లీడర్ అనేవాళ్లు, నేనూ అదే అంటాను. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదని లీడర్ రెండు వాకీటాకీలు కొన్నాడు. ఆ ఒక్క పనికి అతన్ని మెచ్చుకున్నాను.

ఏడూ పదికి చేరాం. ఎత్తు ఏడు వేల అయిదు వందల అడుగులు. చలి అయిదు డిగ్రీలు, మన లెక్కలో. గాలి లేదు. నా సామాను గుడ్డ బూట్లు, మంకీ క్యాప్, విజిల్, బ్యాండేజీ చుట్ట, స్టీలు బాటిల్, నల్ల గొడుగు.

లీడర్ గొడుగు చూశాడు. "ఇక్కడ వాన రాదు ఆంటీ."

"వానకే పట్టుకోవాలా బాబూ?" అన్నాను. నాకది చేతికర్ర.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. కొమ్ముల జంతువు బొమ్మ, కింద ఎల్క్ అని పేరు, ఇది పోతులు కలబడే కాలం, దూరంగా ఉండండి అని హెచ్చరిక. అందరూ ఆ బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగారు. చదివింది నేనొక్కదాన్నే. దీన్ని తెలుగులో ఏమంటారని మీ నాన్నని అడిగాను. తెలుగులో ఏముంటుంది అత్తయ్యా, జింక అనుకోండి అన్నాడు. మా ఖమ్మం అడవుల్లో ఇలాంటిదాన్ని కణుజు అంటారు, ఇది దానికి పెద్దన్నలా ఉంది, జింక అనకండి అన్నాను.

లీడర్ వెనక్కి తిరిగాడు. "ఏదైతే ఏంటి ఆంటీ, గడ్డి తినేదే కదా."

ఈ మాట కింద గీత గీయి.

నేను ఉత్తర బెంగాల్లో కొండల కింద ఫీల్డ్ హాస్పిటల్లో మూడేళ్లు చేశాను. అక్కడ ఏనుగులు వచ్చేవి. గేటు దగ్గర సంత్రీ ఒక్కసారి కూడా ఏదో జంతువు వచ్చింది అని చెప్పలేదు. ఆ ఊళ్లవాళ్లు ఏనుగుని మహాకాల్ అనేవాళ్లు, సంత్రీ కూడా అదే అనేవాడు. మహాకాల్, రెండో గేటు, ఒక్కటే, యాభై గజాలు. అంతే. వంటవాడి దగ్గర్నుంచి కమాండింగ్ ఆఫీసర్ దాకా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లం. స్ట్రెచర్ మోసేవాళ్లు స్ట్రెచర్ కింద పెట్టేవాళ్లు. ఆగమని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. ఆ పేరు చెవిన పడితే కాళ్లు ఆగేవి.

సరే, ఇక్కడికొద్దాం. ముందు లీడర్, అతని చేతిలో ఒక వాకీటాకీ. మధ్యలో మీ నాన్న, మిగతా పెద్దవాళ్లు. వెనక నేను, నువ్వు, ఇంకో ముగ్గురు పిల్లలు. రెండో వాకీటాకీ నా దగ్గర. నీ చేతిలో సగం కొరికిన యాపిల్. ఆ ముందు నెలే నిన్ను జింకల పార్కుకి తీసుకెళ్లారు. అక్కడ చుక్కల జింకలు నీ అరచేతిలోంచి మేత తిన్నాయి. నెల రోజులు అదే చెప్పావు నాకు.

ఎనిమిదీ ముప్పై అయిదుకి ఒక శబ్దం. తుప్పు పట్టిన గేటు తీసినట్టు మొదలై, చివరికి ఈలలా సన్నగా సాగింది. పిల్లలు పకపకా నవ్వారు. వాకీటాకీ పలికింది.

"ముందు జింకలున్నాయి. చాలా క్యూట్‌గా ఉన్నాయి. పిల్లల్ని పంపించండి ఆంటీ. ఓవర్."

"ఎన్ని? ఎంత దూరం? కొమ్ములున్నాయా? ఓవర్."

"ఇదేం బోర్డర్ కాదు ఆంటీ. ఓవర్."

అటువైపు నవ్వులు వినిపించాయి. జింకలు అన్న మాట మీ నలుగురూ విన్నారు. నేను జవాబు కోసం ఆగిన ఆ కాస్తలో నలుగురూ ముందుకి పరిగెత్తారు.

నాకప్పుడు అరవై మూడేళ్లు. ఆ ఎత్తులో ఊపిరి అందలేదు. మలుపు తిరిగేసరికి చిన్న గడ్డిమైదానం. అవతల ఆడవి ఎనిమిదో తొమ్మిదో. ఇవతల పోతు ఒక్కటే. దాని భుజం నా తల ఎత్తుంది. కొమ్ములు గుమ్మమంత వెడల్పు. మెడ నిండా నల్లటి బురద. మేకపోతు కంపు. లీడర్ ముప్పై అడుగుల దూరంలో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. మీ నాన్న అతని పక్కనే. మిగతా పిల్లలు వాళ్ల దగ్గర ఆగారు. నువ్వు ఆగలేదు. నీకూ దానికీ మధ్య మూడు అడుగులు. చెయ్యి చాపావు, చేతిలో యాపిల్.

నేను అరవలేదు. విజిల్ ఊదలేదు. నువ్వు బెదిరి పరిగెత్తితే అది తరుముతుంది.

"చిన్నీ, అక్కడే నిలబడు."

నువ్వు తల కూడా తిప్పలేదు. "ఇట్స్ ఓకే అమ్మమ్మా. డీర్‌కి యాపిల్ ఇష్టం."

పక్కనుంచి నడిచి వచ్చాను. ఎడమచేత్తో నీ జాకెట్ టోపీ పట్టుకున్నాను. కుడిచేత్తో గొడుగు దాని ముఖం ముందు చాపి, మీట నొక్కి టప్పున తెరిచాను. ఆ నల్లగుడ్డకి అది ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగు చాలింది. గొడుగు అక్కడే వదిలేసి నిన్ను లావుపాటి పైన్ చెట్టు వెనక్కి ఈడ్చాను. నీ మోకాలు గీరుకుంది, ఇప్పటికీ మచ్చ ఉంది, చూసుకో. అప్పుడు అది మీదికొచ్చింది. నువ్వు నిలబడ్డ చోటే గొడుగు పడి ఉంది. రెండు నిమిషాలు దాన్ని పొడిచింది. ఊచలు విరిగిన చప్పుడు విన్నాను. ఆడవి కదిలాక అదీ వాటి వెనకే పోయింది. ఒక కొమ్ముకి నల్లగుడ్డ వేలాడుతోంది.

లీడర్ వచ్చాడు. "ఏం కాలేదు కదా ఆంటీ. జింకలు అంతే, ఆడుకుంటాయి."

"బాబూ, నువ్వు పెట్టిన పేరు విని నా మనవరాలు దానికి యాపిల్ తినిపించడానికి వెళ్లింది."

అతను ఫోన్ వంక చూసుకుంటూ, మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు ఆంటీ అన్నాడు. అందరూ పులిహోర పొట్లాలు విప్పారు. నేను ముట్టలేదు. నీ మోకాలికి కట్టు కట్టాను.

తర్వాతి శనివారం వాళ్లింట్లో భోజనాలు. పెద్ద టీవీలో ఆ వీడియో వేశాడు. గొడుగు నా చేతిలోంచి పడే దగ్గర మొదలవుతుంది, నేను చెట్టు వెనక్కి పోయే దగ్గర అయిపోతుంది. నువ్వు నా చాటున ఉన్నావు, అందులో కనపడవు. మేజర్ గారు జింకని చూసి రిట్రీట్ అయ్యారు అన్నాడు లీడర్. ఇల్లంతా నవ్వింది. మీ నాన్నా నవ్వాడు. అది కూడా రాయి, ఆపకు. రాత్రి నా గది గుమ్మం దగ్గరికొచ్చి సారీ అత్తయ్యా అన్నాడు. నలుగురిలో నవ్వినవాడు నలుగురిలోనే చెప్పాలి అన్నాను. ఇప్పటికీ చెప్పలేదు.

మార్చిలో డ్యూటీ అయిపోయింది. హైదరాబాద్‌లో దిగి, రైల్లో ఖమ్మం వచ్చాను. విరిగిన గొడుగు పిడి పెట్టెలో తెచ్చుకున్నాను. అదిగో, తలుపు వెనక మేకుకి ఉంది. నీ ఎస్సేలో ఉన్న గొడుగు అదే.

ఆ వీడియోలో లేనిది ఒకటుంది. మీ నాన్న అవతలివైపు ఉన్నాడు, ఆయనకి కనపడలేదు. నీకు గుర్తే లేదు. నేనొక్కదాన్నే చూశాను. నువ్వు యాపిల్ చాపి నిలబడ్డావు. అది తల దించి నీ చెయ్యి వాసన చూసింది. దాని ముక్కులోంచి ఆవిరి తెల్లగా వచ్చింది. ఆ పొద్దున అడవిలో గాలి లేదు. ఒక్క ఆకు కదలడం లేదు. నీ నుదుటి మీద జుట్టు కదిలింది.