స్కిప్పింగ్ వీడియో

కరోనాకు బడులు మూసినంక లెక్కలు, సైన్సు టీవీలో మొదలైనయి. ఆటల పీరియడ్ ఊసు ఎవ్వరూ ఎత్తలేదు. మొయినాబాద్ మండలంలో ఒక హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ని, పిల్లల మాటలో పీఈటీ సార్‌ను. ఒళ్లు వంచడం కూడా చదువేనని స్టాఫ్ రూంలో ఏండ్ల తరబడి కొట్లాడిన మనిషిని, ఊరుకోలేకపోయిన. తొమ్మిదో తరగతికి ఫోన్‌లో గ్రూపు పెట్టిన. పిల్లలకు సొంత ఫోన్లు లేవు. గ్రూపులో ఉన్న నంబర్లన్నీ తండ్రులవి, అన్నలవి, కొందరు మేనమామలవి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

చేవెళ్లలో మా డాబా మీద కసరత్తు చేసి వీడియో తీసి పంపేది. పిల్లలు అట్లనే చేసి వీడియో పంపాలె. "చేసిన సార్" అంటే ఒప్పుకునేది లేదని మొదటిరోజే చెప్పిన. రుజువు లేని మాటను దేవుడి విషయంలోనే నమ్మనోణ్ని, గుంజీల విషయంలో నమ్ముతనా?

వీడియోలు వచ్చినయి. ఒకడు మూడు రోజులు ఒకటే వీడియో పంపిండు. వెనక గోడ మీద కోడి మూడు రోజులూ ఒకే చోట రెక్కలు కొట్టుకున్నందుకు దొరికిండు. అందరికంటె బాగా చేసింది మా మండలంలనే హిమాయత్‌నగర్ దాటినంక ఉండే ఊరి పిల్ల. మా ఖోఖో టీంకు ఆమెనే ప్రాణం. దూడను కట్టేసే పలుపుతో స్కిప్పింగ్ చేసి పంపింది. "ఇట్ల చెయ్యాలె" అని ఆ వీడియోను నేనే గ్రూపులో మళ్లీ పెట్టిన.

వారం తర్వాత ఆమె నుంచి ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. తోటి పిల్ల ఒకామె చెప్పింది: "పెద్దమనిషయింది సార్. ఇగ ఆటలకు పంపరంట. బడి తెరిచినా పంపరంట."

నాకు ఒళ్లు మండింది. మైల, అంటు అనే మాటల మీద వ్యాసాలు రాసిన, సభల్లో వాదించిన. తెల్లారి మాస్కు కట్టుకొని బండి తీసిన. దారి పొడుగునా వాదనలు పేర్చుకుంటనే పోయిన.

తండ్రి వాకిట్లో కొత్తిమీర కట్టలు కడుతున్నడు. పక్కన పిల్ల నానమ్మ వేర్లకున్న మట్టి దులుపుతున్నది. దూరంగా కుర్చీ వేసి కూర్చోమన్నరు. నేను మొదలుపెట్టిన. నెలసరి రోగం కాదన్న. మైల మనుషులు పుట్టించిన మాట అన్న. దుంకితే ఆడపిల్లకు ఏమీ కాదని డాక్టర్లే చెప్తరన్న. చాలాసేపు చెప్పిన. పిల్ల తలుపు వెనక నిలబడి వింటున్నది.

ముసలామె చేతిలో కట్ట పక్కన పెట్టింది. "అయిపోయిందా సారూ?"

"అయిపోయింది అవ్వా."

"దుంకొద్దని ఎవ్వలన్నరు? నా ఈడుల నేను మూడోనాడే నాట్లకు పోయిన. పోకుంటె బువ్వ ఎవడు పెడ్తడు? మైలట, మైల."

తండ్రి నవ్వలేదు. ఫోన్ తీసి నా ముందర పెట్టిండు. ఎవరో స్టేటస్ పెట్టుకున్న వీడియో. పిల్ల పలుపుతో దుంకుతున్నది. దానికి సినిమా పాట తగిలించిన్రు. కింద రాసిన మాటలు నేనిక్కడ రాయను.

"ఊర్ల నలుగురు చూపిచ్చిన్రు సార్ నాకు. గ్రూపు ఎవరు పెట్టిన్రు?"

"నేనే."

"వీడియో పంపాలె అన్నది?"

"నేనే."

"మంచిగ చేసిందని మళ్లొకసారి అందరికి చూపెట్టింది?"

నేను ఫోన్ బోర్లించి పెట్టిన.

"నా బిడ్డ దుంకితే నాకేం ఫికర్ లేదు. మీరిప్పుడు చెప్పిన ముచ్చటంత ఆ పాట పెట్టినోని ఇంటికి పోయి చెప్పున్రి. మా అవ్వకెందుకు?"

ఆయన వాదన సరైనది. ఆ ఇంట్లో మూఢనమ్మకం ఉన్నదని ముందే తేల్చుకొని పోయిన. అసలు సంగతేందని అడగనే లేదు. గుంజీలకు రుజువు అడిగిన నేను, ఒక పిల్ల చెప్పిన గాలిమాటను పట్టుకొని చేవెళ్ల నుంచి అక్కడిదాకా బండి నడిపిన.

"తప్పు నాదే అన్నా," అన్న. "అన్ని వీడియోలు తీసేపిస్త. ఆటలు మాత్రం బంద్ చెయ్యకు."

"మరి వీడియో లేకుంటె చేసిందని ఎట్ల నమ్ముతరు?" ఎత్తిపొడుపే అది.

ముసలామె అందుకున్నది. "నేను చెప్త. సారు పొద్దుగాల ఫోన్ చెయ్యాలె. ఫోన్ నా చేతిల ఉంటది. పిల్ల దుంకుతది, నేను లెక్కవెడ్త."

"నీకు ఇరవై దాటితే లెక్క రాదుగదనే," అన్నడు కొడుకు.

"ఇరవైకొక చింతగింజ పెడ్త. నీ పెండ్లికి బియ్యం గట్లనే కొలిచిన. తక్కువ పడ్డయా?"

ఆయన నవ్వు ఆపుకున్నడు. "ఫోన్‌ల అయితె చెయ్యనీ. బడికాడ ఆటల సంగతి అప్పుడు జూద్దాం," అన్నడు.

ఇంటికొచ్చి గ్రూపులో రాసిన: వీడియోలు అడగడం నా తప్పు, అందరూ తీసెయ్యున్రి. ఒక తండ్రి జవాబు పెట్టిండు: "పీఈటీ సార్ ఒప్పుకున్నడు. లెక్కల సార్ ఎప్పుడు ఒప్పుకుంటడో." పాట పెట్టినాయన ఒక పిల్లగాని మేనమామ. ఫోన్ చేస్తే "సరదాకు పెట్టిన సార్" అన్నడు. అది ఎవరికి సరదా అని అడిగిన. తీసేదాకా ఫోన్ పెట్టలేదు.

తర్వాత రోజూ పొద్దున పలుపు నేలను కొట్టే చప్పుడు వినేది. చప్పుడును బట్టే తెలిసేది, అలిసిందా, కాళ్లు బరువుగా పడుతున్నయా అని. "ఊపిరి ముక్కుతో పీల్చమను అవ్వా" అంటే, "ముక్కుతోని పీల్చవే" అని ఆమె కేకేసేది. మిగిలిన ఇండ్లకు కూడా అట్లనే ఫోన్లు చేసిన. పొద్దటి చాయ్ చల్లారిపోయేది. వీడియోలప్పటికంటె పిల్లలు ఎక్కువ చేసిన్రు.

బడి తెరిచినంక ఖోఖో టీంకు పేర్లు రాసుకున్న రోజు, తండ్రే పిల్లను బండి మీద తెచ్చిండు.

"గ్రౌండ్‌ల ఫోన్లు ఉంటయా సార్?"

"నాది కూడా స్టాఫ్ రూంల పెట్టిన."

ఆయన పిల్లను లోపలికి పంపిండు. గేటు కాడ బండి మీద కూర్చొని ఆట అయ్యేదాకా చూసిండు. మర్నాడు రాలేదు. పిల్ల షేర్ ఆటోలో తోటి ఆడపిల్లలతో వచ్చింది.