లెఫ్ట్ అవుట్ లేని సీజన్

సికింద్రాబాదు చిలకలగూడలో మా ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆఫీసు ఉండేది కాదు. ఒక ముస్లిం దర్జీ దుకాణం ముందున్న అరుగే మాకు ఆఫీసు. సాయంత్రం పని దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆ అరుగు మీద కూర్చుని కాళ్లకు పట్టీలు చుట్టుకునేవారు. బూట్లు మిలిటరీ జట్లకే ఉండేవి. మేము చీలమండలకు గుడ్డ చుట్టుకుని ఉత్త కాళ్లతో ఆడేవాళ్లం. ఆ గుడ్డ దుకాణంలో కత్తిరించగా మిగిలినది కాబట్టి ఒకే మనిషి రెండు కాళ్లకూ రెండు రంగులు ఉండేవి. దర్జీని అందరమూ చాచా అనేవాళ్లం. మా షర్టులు కుట్టిందీ ఆయనే.

కెప్టెన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నడిమి వరసలో ఎడమ పక్క ఆడే లెఫ్ట్ హాఫ్ ఒక బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసేవాడు. అతని ముందు, ఎడమ గీత వెంబడి పరుగెత్తే లెఫ్ట్ అవుట్ చాచా కొడుకు. వీళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే గల్లీలో కలిసి ఆడినవాళ్లు. లెఫ్ట్ హాఫ్ తల ఎత్తి చూడకుండానే బంతిని గీత వైపు కొట్టేవాడు, అది చేరేసరికి చాచా కొడుకు అక్కడ ఉండేవాడు. నేను పన్నెండోవాణ్ణి. ఎవరైనా రాలేకపోతేనే నాకు ఆట.

అదీ అంత సులభం కాదు. పూర్వం ఒక రైట్ బ్యాక్ ఊరికి వెళ్లి వచ్చేసరికి అతని చోట ఇంకొకరు ఆడుతున్నారట. పెద్ద గొడవైంది, క్లబ్బు రెండు ముక్కలు కాబోయింది. అప్పటి నుంచి ఒక కట్టు పెట్టుకున్నారు. షర్టు ఎవరిదో వాళ్లే తమ చేత్తో ఇస్తే తప్ప వాళ్ల చోటు ఇంకొకరికి ఇవ్వకూడదు. జ్వరం వచ్చినవాడు దుప్పటి కప్పుకునైనా అరుగు దాకా వచ్చి షర్టు ఇచ్చిపోవలసిందే. అలా వణుకుతూ వచ్చిన ఇద్దరు ముగ్గురి నుంచి నేను షర్టు అందుకున్నాను.

ఆ వానాకాలంలో చాచా కొడుకు బీదర్ వైపు బంధువుల ఊరికి వెళ్లాడు. అక్కడ పెళ్లి బట్టలు కుట్టే పని ఎక్కువగా ఉందని సాయానికి పిలిచారు. వారం పది రోజుల్లో వస్తానన్నాడు, షర్టు ఎవరికీ ఇవ్వలేదు. ఇంతలో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగింది. సికింద్రాబాదులో మేము చూసింది లారీలు, సైనికులు, రోడ్ల పక్కన నిలబడ్డ జనం. బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లు చెప్పిన సంగతులు వేరు: తగలబడ్డ ముస్లింల ఇళ్లు, తిరిగిరాని మనుషులు. అవి అరుగు మీద ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. చాచా స్టేషనుకు వెళ్లి దిగినవాళ్లను అడిగి వచ్చి, మళ్లీ మిషను ముందు కూర్చునేవాడు.

చలికాలంలో మేము ఆడే మైదానంలోని సైన్యం డేరాలు ఎత్తేశారు. డేరాలున్న చోట గడ్డి చదరాలుగా పాలిపోయి ఉంది. మేకులు దిగిన గుంటలు పూడ్చి, చిన్న క్లబ్బుల పోటీలు మళ్లీ మొదలుపెట్టారు. చాచా కొడుకు రాలేదు. షర్టు అతని ఇంట్లో ఉంది. కట్టు ప్రకారం మేము పదిమందితో దిగాము.

మొదటి ఆటలోనే లెఫ్ట్ హాఫ్ అలవాటు కొద్దీ బంతిని గీత వైపు కొట్టాడు. అక్కడ ఎవరూ లేరు. బంతి బయటికి పోయింది. మళ్లీ అదే, ఆ తర్వాతా అదే.

"అటెందుకు కొడ్తున్నవ్‌రా?" అని కెప్టెన్ అడిగాడు.

"నేను కొడ్తలేనన్నా. కాలే అటు పోతున్నది."

వరసగా ఓడుతూ వచ్చాం. అందరికంటే అడుగున నిలిచిన జట్టును మరుసటి ఏడు పోటీలోకి తీసుకోరు. పోటీలో లేని జట్టుకు మైదానం ఇవ్వరు. రెండు ఆటలు మిగిలి ఉండగా కెప్టెన్ అరుగు ఎక్కి, దుకాణం లోపలికి వెళ్లాడు. మేము గడప దగ్గర నిలబడ్డాం.

"చాచా, గిట్లైతే క్లబ్ ఖతమైతది. మీవాడు వచ్చెదాక జెర ఈ పోరన్ని దించుతం," అని నన్ను చూపించాడు.

చాచా మిషను ఆపలేదు. "వాడు షర్ట్ ఇచ్చిండా?"

"లేదు."

"మరి? కట్టు మీరే పెట్టుకున్నరు గద. నేను పెట్టిన్నా?"

"అది జరాలకు, పెండ్లిళ్లకు పెట్టుకున్నది చాచా. గిసువంటిదానికి..."

చాచా మిషను ఆపాడు. "గిసువంటిదంటే ఎసువంటిది?"

అక్కడున్న వాళ్లందరికీ జవాబు తెలుసు. చోటు ఇంకొకరికి ఇవ్వడమంటే అతను రాడని తండ్రి ముఖాన చెప్పడమే. ఎడమ వైపు ఖాళీగా ఉన్నన్నాళ్లూ అతను ఊరెళ్లిన లెఫ్ట్ అవుట్ మాత్రమే. మేము వెనక్కి వచ్చేశాం. నేను ఆడాలని ఎంతగానో ఎదురుచూస్తున్నవాణ్ణే అయినా, ఆ రోజు కెప్టెన్ ఇంకోసారి అడగనందుకు నాకు తేలికగానే అనిపించింది.

తర్వాతి ఆటకు చాచా మైదానానికి వచ్చి ఎడమ గీత దగ్గర నిలబడ్డాడు. లెఫ్ట్ హాఫ్ బంతిని మళ్లీ ఖాళీలోకి కొట్టాడు. అవతలి క్లబ్బువాడొకడు గట్టిగా అన్నాడు: "ఎవనికిస్తున్నవ్ భాయ్, దయ్యానికా?" చుట్టూ నవ్వారు. నవ్వినవాళ్లలో చాచాను ఎరిగినవాళ్లు లేరు. ఆయన చేతులు వెనక కట్టుకుని అలాగే నిలబడ్డాడు.

రెండో సగంలో లెఫ్ట్ హాఫ్ గీత మీదే పడిపోయాడు. అతను నెలల తరబడి ఇద్దరి పరుగు పరుగెత్తుతున్నాడు. తెల్లవారుజామున పొయ్యి దగ్గర పని, సాయంత్రం ఇది. చాచా వంగి అతని పట్టీ విప్పాడు. గుడ్డతో పాటు చీలమండ మీది చర్మం కొంత ఊడి వచ్చింది.

"ఏం గాలే చాచా. జెర నరం పట్టింది."

"ఇద్దరి పని ఒక్కనివి చేస్తున్నవ్."

"మీవాడు రానీ, ఈ ఉరుకుడు సుత కలిపి వాన్ని ఉరికిస్త."

చాచా తన భుజం మీది రుమాలు చింపి కొత్త పట్టీ కట్టాడు. ఆ ఆటా ఓడిపోయాం.

మరునాడు నేను అరుగు ముందు నుంచి పోతుంటే చాచా లోపలికి పిలిచాడు. టేపు తీసి ఛాతీ, భుజాలు కొలిచాడు. ఆ సాయంత్రానికే కొత్త షర్టు తయారైంది. పాత రంగు గుడ్డ బజారులో దొరక్క, కొంచెం ముదురు రంగులో వచ్చింది. కెప్టెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి మీవాని షర్టు?"

"అది వానిది. వాని చేతులకెల్లి తీసుకునుడే. ఇది వీనిది."

మా గోల్‌కీపరు నవ్వులాటగా అన్నాడు: "మీవాడొచ్చినంక ఇద్దరు లెఫ్ట్ అవుట్లతో ఆడ్తమా చాచా?"

"ఆడుండ్రి. ఇన్ని దినాలు ఒక్కడు సుత లేకుంట ఆడలేదా?"

కట్టు తప్పలేదు, చోటు నిండింది. దీని మీద ఎవరూ వాదించలేదు. ఇది సరైన పరిష్కారమా కాదా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పెద్దయ్యాక ఒక పత్రికలో చేరి, ఆ పని మీద బీదర్ వైపు వెళ్లినప్పుడల్లా చాచా బంధువుల ఊరి గురించి వాకబు చేశాను. అతను సాయానికి వెళ్లిన దర్జీ దుకాణం ఉండిన చోటు చూపించగలిగిన వాళ్లు దొరికారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

చివరి ఆటలో ఎడమ వైపు నేను నిలబడ్డాను. మొదటి సగమంతా లెఫ్ట్ హాఫ్ నాకు ఒక్క బంతీ ఇవ్వలేదు. కావాలని చేశాడనుకోను. బంతి దొరికితే గీత వైపు మొగ్గి, కాలు ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు కుడి వైపు తిప్పేవాడు. ఖాళీకి ఇన్నాళ్లు కొట్టినవాడు మనిషి ఉన్నప్పుడు కొట్టలేకపోయాడు. నేను చెయ్యెత్తి పిలవలేదు. పిలవాలనిపించలేదు.

రెండో సగంలో మళ్లీ అలాగే బంతి అతని కాలి కింద ఆగింది. అతను కుడి వైపు తిరగబోయాడు.

గీత అవతలి నుంచి చాచా గొంతు వినిపించింది. అరుపు కాదు, దుకాణంలో పని చెప్పే గొంతే.

"ఇయ్యి బేటా. ఉన్నడు గద, వానికియ్యి."

లెఫ్ట్ హాఫ్ తల ఎత్తి నన్ను చూశాడు. తర్వాత కొట్టాడు. బంతి నాకు కొంచెం ముందుగా, నాకంటే వేగంగా పరుగెత్తేవాడికి సరిపోయేలా వచ్చింది. గీత దాటే లోపల దాన్ని అందుకున్నాను.