గొర్రెల దొంగ వేషం

దుత్తలూరు దాటాక ఉదయగిరి బస్సు దిగిన బనమాలిని టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళు ఎగాదిగా చూశారు. తన వీడియో చూసి గుర్తుపట్టారని అతనికి తెలిసిపోయింది. దారిన పోయేవాళ్ళు గుర్తుపట్టడమంటే మాటలా! జుట్టు సవరించుకుని నవ్వాడు. వాళ్ళెవరూ నవ్వలేదు. ఒకతను లేచి వచ్చి కాలర్ పట్టుకున్నాడు.

"వీడేరా గొర్రెల దొంగ!"

బనమాలిది ఒడిశా. సంగం దగ్గర కాలువ పనులకు కూలీగా వచ్చి, తనవాళ్ళంతా తిరిగి వెళ్ళిపోయినా ఆత్మకూరులో ఆగిపోయాడు. బస్టాండు పక్కన రాజమోహన్ హోటల్లో ఇప్పుడతను పరోటా మాస్టరు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికొచ్చిన నాటకాలవాళ్ళ వెంట పారిపోబోతే తండ్రి ఈడ్చుకొచ్చి గదిలో పెట్టి తాళం వేశాడు. ఆ పిచ్చి మాత్రం వదల్లేదు. తెలుగు నేర్చుకున్నదే సినిమాలు చూసి. పిండి పిసుకుతూ డైలాగులు చెబుతుంటే, "కూర్చున్న గిరాకీ లేచిపోతా ఉండాది, ఆపరా నాయనా" అని రాజమోహన్ మొత్తుకునేవాడు.

పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే సందీప్‌కు షార్ట్ ఫిల్మ్ తియ్యాలని బుద్ధి పుట్టింది. గొర్రెల దొంగ వేషం వెయ్యమంటే ఊళ్ళో ఒక్కడూ ముందుకు రాలేదు. వచ్చే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయని భయం. బనమాలి ఎగిరి గంతేశాడు. మటన్ కొట్టు దస్తగిరిని బతిమాలి, గొర్రె అరవకుండా మూతి ఎట్లా పట్టాలో, భుజానికి ఎట్లా ఎత్తాలో నేర్చుకున్నాడు. చివర్లో దొంగ దొరికిపోయి, గొర్రెల యజమాని కాళ్ళు పట్టుకుని ఏడుస్తాడు. ఆ ఏడుపుకు కెమెరా వెనక ఉన్న సందీపే కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఎవరో పనీపాటా లేని పుణ్యాత్ముడు సందీప్ యూట్యూబ్‌లో పెట్టిన ఆ సినిమాలోంచి దొంగతనం, ఏడుపు మాత్రం కత్తిరించి, పేర్లు తీసేసి, 'గొర్రెల దొంగలు తిరుగుతున్నారు జాగ్రత్త' అని వాట్సాప్‌లో వదిలాడు. అది పల్లెలన్నీ చుట్టబెట్టింది. పాపం, బనమాలికి ఆ సంగతే తెలియదు. ఇంకో సినిమా తీస్తున్నా, కొండ దగ్గరికి రమ్మని సందీప్ పిలిస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు.

ఇప్పుడు చుట్టూ జనం. "యాక్టింగన్నా, షార్ట్ ఫిల్మన్నా" అంటే వింటేనా? అతని యాస విని మరింత మండిపడ్డారు. వాళ్ళలో పెద్దవాడు నారాయణయ్య. గొర్రెల మందే ఆయన ఆస్తి. ఈమధ్యే ఆయన దొడ్లో పొట్టేళ్ళు పోయాయి. ఫోను తెచ్చి బనమాలి ముఖానికి ఆనించాడు.

"ఆ మూతి పట్టుకున్నది చూడండిరా! అలవాటు లేనోడు అట్లా పట్టగలడా? ఆ ఏడుపు చూడండి. అది యాక్టింగా?"

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మెప్పు అది. ఇట్లా ప్రాణం మీదికి వస్తుందని ఎవరనుకున్నారు? సందీప్‌కు బనమాలి ఫోన్ చేస్తే కలవలేదు. తనను ఇక్కడే కొట్టి చంపినా, అమ్మకు ఆమె భాషలో కబురు చెప్పేవాడు కూడా లేడు.

"యాక్టింగయితే ఏడ్చి చూపించు," అంది నారాయణయ్య భార్య ఆదిశేషమ్మ.

ఏడుద్దామంటే రాలేదు. ప్రాణభయంతో ఉన్నవాడికి నటన ఎక్కణ్ణించి వస్తుంది? జనం మీదికి తోసుకొస్తుంటే బనమాలి చేతులు జోడించాడు.

"పెద్దాయనా, ఆ ఓనరు వేషం మీరెయ్యండి. కర్ర ఎత్తండి. తిట్టండి."

నారాయణయ్యకు నటించాల్సిన పని లేకపోయింది. నిజంగానే కర్ర ఎత్తి బూతులు అందుకున్నాడు. బనమాలి కళ్ళు మూసుకుని, సినిమాలోని ఆ దొంగను, పస్తులున్న పిల్లల తండ్రిని తలుచుకున్నాడు. దబ్బున కాళ్ళ మీద పడ్డాడు.

"పిల్లోళ్ళు అన్నం తిని రెండు దినాలైనాది సామీ! నన్ను కొట్టు, పోలీసోళ్ళకు మాత్రం పట్టియ్యబాకు. నేను లేకపోతే వాళ్ళు చస్తారు సామీ!"

వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగింది. ఆదిశేషమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇడిచిపెట్టయ్యా, పాపం. నీకు ఎంతమంది నాయనా పిల్లోళ్ళు?"

బనమాలి లేచి ముఖం తుడుచుకున్నాడు.

"పెళ్ళే కాలేదమ్మా."

అందరికంటే ముందు ఆదిశేషమ్మే పగలబడి నవ్వింది. "ఓరి నీ దుంపతెగ! నన్నే ఏడిపించినావు గదరా!"

నారాయణయ్య కర్ర పక్కన పెట్టి, అతని చొక్కాకంటిన దుమ్ము దులిపాడు. "ఇంత బాగా చెయ్యబాకురా నాయనా. ఎవుడో ఒకడు చంపేస్తాడు," అన్నాడు.

ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ సందీప్ బైకు మీద వచ్చేసరికి, బనమాలి వాళ్ళిచ్చిన టీ తాగుతున్నాడు. జరిగింది విని సందీప్ ముఖం పాలిపోయింది.

"ఇప్పుడే ఆ సినిమా యూట్యూబ్‌లోంచి తీసేస్తానురా. మనకొద్దు ఈ గోల."

తీసేస్తే ఇక మిగిలేది పేర్లు లేని ఆ ముక్కే. అది ఇంకా ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో, రేపు ఏ బస్టాండులో ఎవరు కాలర్ పట్టుకుంటారో తలుచుకుంటేనే బనమాలికి చెమటలు పట్టాయి.

"తీసెయ్యబాకన్నా," అన్నాడు. "నేను కనపడినంతసేపూ కింద నా పేరు వెయ్యి. పేరుకు ముందర యాక్టర్ అని పెట్టు."