ఎలుకల కాడ ఆగిన మందు

వనపర్తి హాస్టల్‌ అనగానే నాకు ముందు మా గది అక్కే గుర్తొస్తుంది. ఆమె సొంతూరు గట్టు. కాలేజీలో పాఠాలు చెబుతూ, ఆడవాళ్ల అండాశయాల జబ్బు పీసీఓఎస్ మీద పరిశోధన చేసేది. మనం తిన్న పీచు నుంచి పేగుల్లోని సూక్ష్మజీవులు చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు చేస్తాయని, అవి ఈ జబ్బుకు మందు కావచ్చని చెప్పేది. గొలుసంటే మెడలోదే తెలిసిన నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఇంకా ఎలుకల మీది పరీక్షల కాడ్నే ఉంది పిల్లా."

నాకూ అదే జబ్బు. నాలుగు నెలలుగా నెలసరి లేదు. అందుకే ఆమె మాటల్లో 'కావచ్చు'ను వదిలేసి 'మందు'ను పట్టుకున్నాను. డాక్టరమ్మ ఇచ్చిన గోలీలు పెట్టెలో దాచి, పీచు కోసమని పూటకో చెంబు జొన్న అంబలి తాగాను. నెలసరి రాలేదు గానీ, కడుపుబ్బరం టంచనుగా వచ్చింది.

ఒకరోజు దుప్పటి కోసం నా పెట్టె తీసిన అక్క ఆ గోలీలు చూసింది.

"గివేంది? మింగుతలేవా?"

"అంబలి తాగుతున్న గదక్కా. నువ్వే చెప్తివి."

"అంబలి మంచిదే. గోలీలు బంద్ జెయ్యమన్ననా? నువ్వేమన్న ఎలుకవా?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. తన సంచిలోంచి ఒక మందుల పట్టీ తీసి చూపించింది. అవే గోలీలు, సగం అయిపోయాయి.

"పదేండ్ల సంది మింగుతున్న. గా మందు దొరకాలని నీకంటె నాకే ఎక్కువుంటది."

"మరి ఒక్కసారన్న దొరికిందని చెప్పవేందక్కా?"

"దొరకలే గద," అంటూ తన గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. "పొద్దుగాల దవాఖానకు పోదం. నేనూ వస్త."