పడే చోటు

పడబోయే ముందు ఆవిడ చీపురు అడిగేది. సినిమాల్లో, సీరియళ్ళలో జారిపడి జనాన్ని నవ్వించిన హాస్యనటి. తను పడే చోటును మాత్రం ఇంకెవరినీ ఊడ్వనిచ్చేది కాదు.

"కింద చిన్న రాయున్నా ఒళ్ళు ముందే భయపడుతది. భయం కనవడితే ఎవ్వరు నవ్వరు," అనేది.

నేను అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసిన వెబ్ సిరీస్ షూటింగ్ గచ్చిబౌలిలో, కిరాయికి తీసుకున్న ఆఫీసులో జరిగింది. సీన్‌లో ఆవిడది నాయనమ్మ వేషం; మనవడికి టిఫిన్ బాక్సు తెచ్చి నున్నటి టైల్స్ మీద జారిపడాలి. అప్పటికే ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. కుర్ర డైరెక్టర్ ఒక అమ్మాయిని డూపుగా పిలిపించాడు.

"ఆ పిల్లను పంపియ్యి బిడ్డా. ఇయ్యాల నా బదులు ఆమె పడితే, రేపటి సంది నాకు మంచంల పండుకునే వేషాలే ఇస్తరు."

ఊడ్చుకుంది. పడింది. బాక్సు ఒకవైపు, ఆవిడ ఒకవైపు. యూనిట్ అంతా ఘొల్లుమంది.

ఆవిడ లేవలేదు. నవ్వులు ఆగిపోయాయి. డైరెక్టర్ మానిటర్ వదిలేసి, "అమ్మా!" అంటూ పరుగెత్తాడు.

ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"నువ్వు కట్ చెప్పంది నేనెట్ల లేస్తా? ఉరికొచ్చి షాటంతా ఖరాబ్ జేస్తివి."

మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, నా వైపు చెయ్యి చాపింది.

"చీపురియ్యి."